వెనక సీట్లో ల్యాప్‌టాప్

“సుశాంత్ బండికి ఏ ఈసీయూ వెయ్యాల్నో జర నువ్వు చూసి పెట్టు. పొద్దుగూకేవరకు ఆయనకు చెప్తనన్న,” అన్నాడు డేవిడ్, సింకు దగ్గర చేతులకంటిన గ్రీజు సబ్బుతో రుద్దుకుంటూ.

రెబెక్క పెనం మీది జొన్నరొట్టెకు తడిగుడ్డ అద్దుతోంది. ఆవిరి మొహానికి కొట్టింది. తల తిప్పలేదు. నువ్వు చూసి పెట్టు, నేను చెప్త. ఆ ఇల్లు నడిచేదే ఈ రెండు మాటల మీద. గ్యాసు అయిపోవచ్చిందని చూసేది ఆమె, సిలిండరు తెప్పించానని తల్లికి చెప్పేది అతను. కూతురు అమూల్యకు లెక్కల్లో మార్కులెందుకు తగ్గాయో పక్కన కూర్చుని చూసేది ఆమె, బడిలో టీచరుతో మాట్లాడి వచ్చి చుట్టాలందరికీ చెప్పేది అతను. కారు ఇంజనుకు మెదడులాంటి కంప్యూటరు ఒకటి ఉంటుంది, దాన్నే ఈసీయూ అంటారు. ఎప్పుడు ఎంత పెట్రోలు పోయాలో, ఎప్పుడు నిప్పు రాజేయాలో అదే చెబుతుంది. ఆ మెదడుకు కొత్త లెక్కలు నేర్పే పని కూడా మిగతా పనుల్లాగే ఎప్పుడో వచ్చి ఆమె నెత్తిన చేరింది. ఎప్పుడు చేరిందో ఎవరికీ గుర్తులేదు. ఇంటిపని ఏదైనా అంతే, మొదలైన రోజంటూ ఉండదు.

“టర్బో వేస్తున్నం గద, పాత కంప్యూటరు ఆగదు,” అంది రొట్టె తిరగేస్తూ.

“అది నాకు తెల్వదా? ఏది వెయ్యాల్నో చూడు,” అని తువ్వాలుతో తుడుచుకుంటూ వెళ్లి కంచం ముందు కూర్చున్నాడు.

డేవిడ్ పనిమంతుడు కాడని రెబెక్క ఎన్నడూ అనుకోలేదు. వికారాబాద్‌లో తాండూర్ రోడ్డు మీద అతని షెడ్డంటే చుట్టుపక్కల అందరికీ తెలుసు. బానెట్ తెరవకుండానే ఇంజను చప్పుడు విని రోగం చెప్పేవాడు. పెళ్లైన కొత్తలో ఆ చేతులు ఇనుముతో అంత నెమ్మదిగా మాట్లాడటం చూసి ఆమె మురిసిపోయింది కూడా. కానీ బండ్లు మారిపోయాయి. స్క్రూ తిప్పితే లొంగే కాలం పోయి, ప్రతిదానికీ ఒక వైరూ, ఒక సెన్సరూ వచ్చాయి. కుర్రకారంతా పాత కార్లకు కొత్త ఊపు కావాలని వచ్చేవాళ్లు. డేవిడ్ ఒక ల్యాప్‌టాప్ కొని షెడ్డులో పెట్టాడు. అది దుమ్ముపట్టి, చివరికి ఒకనాడు అమూల్య బొమ్మలు చూసుకోవడానికని ఇంటికి చేరింది.

రెబెక్క తండ్రి ఏసుదాసు మోమిన్‌పేట్‌లో పొలం పనులకు పోతూ ఆమెను ఎలక్ట్రానిక్స్ డిప్లొమా దాకా చదివించాడు. హైదరాబాద్‌లో ఇన్వర్టర్ల కంపెనీలో కొన్నాళ్లు పనిచేసింది. అమూల్య కడుపున పడ్డాక అత్త శాంతవ్వ, “పిల్ల జర పెద్దగయ్యేదాంక ఆగు బిడ్డా, మల్ల పోదువు,” అంది. పిల్ల పెద్దదైంది, జడలు తనే వేసుకుంటోంది. మళ్లీ పోవడం సంగతి శాంతవ్వ ఎత్తలేదు. డేవిడ్ ఎత్తలేదు. కొన్నాళ్లకు రెబెక్క కూడా ఎత్తడం మానేసింది. అదే ఆమెకు ఇప్పటికీ అర్థం కాని సంగతి. ఎవరూ వద్దనలేదు. ఎవరూ తలుపు వేయలేదు. అయినా గడప దాటాలంటే ముందు పప్పు నానబెట్టాలి, అత్త బీపీ గోలీ ఇవ్వాలి, బట్టలు ఆరేయాలి, అన్నీ అయ్యేసరికి బయట పొద్దు తిరిగిపోయేది.

ల్యాప్‌టాప్ ఇంట్లోకి వచ్చాక, కూరగాయలు తరుగుతూ ఒకరోజు అందులోని ట్యూనింగ్ సాఫ్ట్‌వేర్ తెరిచింది. గళ్లు గళ్లుగా అంకెలు. ఒక పక్క ఇంజను వేగం, ఇంకో పక్క దాని మీద పడే బరువు. ఆ రెండూ కలిసే గడిలో ఎంత పెట్రోలో రాసి ఉంటుంది. వీడియోలు చూసింది. ఎక్కడెక్కడివాళ్లో రాసుకున్న సందేహాలూ జవాబులూ చదివింది. డేవిడ్ తెచ్చిన ఒక కారు మీద భయం భయంగా చేయి పెట్టింది. ఒక గడిలో అంకె మార్చగానే, అప్పటిదాకా దగ్గుతున్న ఇంజను గొంతు సవరించుకున్నట్టు సాఫీ అయింది. ఒళ్లు పులకరించింది ఆమెకు. ఈ ఇంట్లో తను ఎంత చేసినా ఏదీ మారినట్టు కనబడదు, తోమిన గిన్నె మళ్లీ అంటవుతుంది, ఊడ్చిన నేల మళ్లీ మాసిపోతుంది. అక్కడ మాత్రం, తను ఒకటి చేస్తే ఒకటి జరిగింది.

ఆ కారతను మర్నాడు ఫోన్ చేసి, “ఎట్ల చేసినవ్ భాయ్, బండి ఎగురుతున్నది!” అంటే, డేవిడ్ నవ్వుతూ, “ఏముందన్నా, చెయ్యి అలవాటైంది,” అన్నాడు. పక్కనే చట్నీ వడ్డిస్తోంది రెబెక్క. ఆమెకు కూడా నవ్వొచ్చింది. అప్పటికది సరదాగానే ఉంది. పోనీలే, పేరు ఇంట్లోకే వస్తోందిగా అనుకుంది. తర్వాత చాలా కార్లు వచ్చాయి. నవ్వు ఎప్పుడో ఆగిపోయింది. ఒకసారి అడిగింది కూడా, “నేను చేసిన్నని చెప్తే ఏమైతది?” అని. డేవిడ్ కోప్పడలేదు. చిన్నపిల్లకు నచ్చజెప్పినట్టు చెప్పాడు. “ఆడామె ట్యూనింగ్ చేస్తదంటే గిరాకి రాదు రెబెక్కా. నాకు తెలుసు గద నువ్వు చేసినవని. అది చాలదా?”

చాలదని అప్పుడు నోటికి రాలేదు.

బండిని రోడ్డు మీద నడుపుతూనే లెక్కలు సరిచేయాలి కనుక ప్రతిసారీ ఆమె వెళ్లాల్సిందే. డేవిడ్ స్టీరింగు దగ్గర, కారతను పక్కన, రెబెక్క వెనక సీట్లో ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని. అనంతగిరి ఘాటు ఎక్కుతూ దిగుతూ, ఆ మలుపులకు కడుపులో తిప్పుతున్నా కళ్లు తెర మీదనే ఉండాలి. “వదినను షికారుకు తోల్కొచ్చినవా?” అనేవాళ్లు కొందరు. “ఏం సినిమా నడుస్తుంది వదినా?” అని వెనక్కి తిరిగి ఎవరైనా అడిగితే డేవిడ్ అద్దంలోంచి ఆమెను చూసేవాడు. ఏం మాట్లాడకు అన్నట్టుండేది ఆ చూపు. ఇంటికొచ్చాక శాంతవ్వ, “మంచిగ తిరిగొచ్చిన్రా?” అని అడిగి, “అన్నం వండలే ఇంకా,” అనేది.

రొట్టెలయ్యాయి. అందరూ తిన్నారు. గిన్నెలు కడిగి, బట్టలు దండెం మీద ఆరేస్తూ సుశాంత్ బండి గురించి ఆలోచించింది రెబెక్క. తాండూర్‌లో నాపరాయి పాలిష్ యూనిట్ ఉన్న కుటుంబం వాళ్లది. ఊళ్లో పొలాలు కూడా ఉన్నాయి. సుశాంత్ దగ్గరున్నది పాత పెట్రోలు కారు. అది కాలేజీ రోజుల నుంచి నడిపిన బండి, అమ్మబుద్ధి కాలేదట. దానికి, ఇంజనులోకి గాలిని బలంగా తోసే టర్బో బిగించి హైదరాబాద్ దగ్గర జరిగే పోటీల్లో నడపాలని అతని కోరిక. దారులు మూడున్నాయి. పాత కంప్యూటరులోని లెక్కల్నే తిరగరాయడం ఒకటి. కానీ దానికి టర్బో అంటే ఏమిటో తెలియదు, ఇంజనులోకి అంత గాలి తోసుకొస్తే కొలవడానికి దానికి అంకెలే లేవు. రెండోది, పాత కంప్యూటరుకూ సెన్సర్లకూ మధ్య ఒక చిన్న పెట్టె పెట్టడం. పిగ్గీబ్యాక్ అంటారు. తొందరగా బిగించొచ్చు. అది చేసే పనల్లా గాలి ఎక్కువ రావడం లేదని పాత కంప్యూటరుకు అబద్ధం చెప్పడం. అంతా బాగున్నంతసేపు నడుస్తుంది, ఏదైనా చెడితే ఎవరూ ఎవరికీ చెప్పరు. మూడోది, పాతదాన్ని మొత్తం తీసేసి కొత్తది పెట్టడం. స్టాండలోన్. వైరింగు మొత్తం మళ్లీ లాగాలి, ప్రతి లెక్కా మొదటి నుంచి రాయాలి, వారాలు పడుతుంది. కానీ పెట్రోలు ఒత్తిడి తగ్గితే, మంట వేడెక్కితే, అది తనంతట తనే ఇంజనును ఆపేస్తుంది. చెడిపోనివ్వదు.

మధ్యాహ్నం షెడ్డుకు అన్నం క్యారేజీ తీసుకుపోయి అదే చెప్పింది. ఎందుకో విడమర్చి చెప్పింది. పెట్రోలు పంపు కూడా పెద్దది వేయాలంది. డేవిడ్ తింటూ తలూపాడు. ఆ సాయంత్రం అతను ఫోన్లో సుశాంత్‌కు అవే మాటలు, అదే వరసలో చెప్పడం బట్టలు మడతపెడుతూ విన్నది. మధ్యలో ఒక మాట మర్చిపోతే గుమ్మంలోకి వచ్చి సైగ చేసి అడిగాడు. ఆమె పెదవులతో అందించింది.

రెండు రోజుల తర్వాత అట్టపెట్టె ఒకటి చంకలో పెట్టుకుని వచ్చాడు. తెరిచి చూస్తే పిగ్గీబ్యాక్.

“హైదరాబాద్ డీలర్ ఇచ్చిండు. గీ కంపెనీ పెట్టెలు మనం వేస్తే షెడ్డు ముందట పెద్ద బోర్డు పెడ్తడంట. మన జిల్లాకు నేనొక్కన్నే. నా ఫొటో, నా పేరు,” అన్నాడు. మొహం వెలిగిపోతోంది. అలాంటి వెలుగు అతని మొహంలో ఆమె చూసి చాలా రోజులైంది.

“ఇది గాదు గద మనం అనుకున్నది. దీంట్ల ఇంజనును కాపాడేది ఏం లేదు.”

“నడుస్తది తియ్. వేరేటోళ్లు ఏస్తలేరా? నువ్వు జర అడ్జస్ట్ చెయ్యి.”

అడ్జస్ట్ చెయ్యి. ఉద్యోగం సంగతి వచ్చినప్పుడు ఇదే మాట. ఆడపడుచులు పిల్లలతో వచ్చి సెలవులన్నీ ఉండిపోయినప్పుడు ఇదే మాట. నడుం నొప్పికి డాక్టరు రెస్టు తీసుకోమంటే, ఈ పండుగ వెళ్లేదాకా జర అడ్జస్ట్ చెయ్యి. ఆమెకు వాదించే ఓపిక లేదు. వాదన కూడా ఒక పనే, అది కూడా వండి వడ్డించి చివరికి గిన్నెలు తనే కడుక్కోవాలి.

అడ్జస్ట్ చేసింది. టర్బో ఒత్తిడిని బాగా తక్కువలో పెట్టి, ఆ కాస్తకు సరిపోయేలా లెక్కలు రాసింది. డాష్‌బోర్డు కింద ఒత్తిడి పెంచే నాబ్ ఒకటి ఉంది. డేవిడ్‌కు దాన్ని చూపించి, “దీనికి చెయ్యి పెట్టకు. పంపు చిన్నది. గాలి పెరిగితే పెట్రోలు చాలదు, పిస్టన్లు పోతయి,” అని రెండుసార్లు చెప్పింది.

“సరే సరే, నాకు తెల్వదా,” అన్నాడు.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక బయల్దేరారు. ముందు డేవిడ్, సుశాంత్. వెనక రెబెక్క. ధారూర్ దాటిన తర్వాత రోడ్డు తిన్నగా సాగుతుంది. నాపరాళ్ల లారీలు ఆదివారం కాబట్టి తక్కువున్నాయి. అటూ ఇటూ కందిచేలు పసుప్పచ్చగా పూసి ఉన్నాయి. బండి బాగానే పోతోంది. తెర మీద అంకెలు ఆమె చెప్పినట్టే వింటున్నాయి. గాలికీ పెట్రోలుకూ పొత్తు కుదిరినప్పుడు ఆ అంకె ఒకచోట నిలకడగా నిలబడుతుంది. దాన్ని చూస్తూ ఆమె వారం రోజుల్లో మొదటిసారి భుజాలు వదులు చేసి సీటుకు ఆనుకుంది.

“గింతేనా డేవిడ్?” అన్నాడు సుశాంత్. వెటకారంగా కాదు, నిరాశగా. “టర్బో వేసినట్టే లేదు.”

డేవిడ్ చెవులు ఎర్రబడటం వెనక నుంచి కనబడింది. ఎడమ చేయి డాష్‌బోర్డు కిందికి పోయింది.

“పెంచకు,” అంది రెబెక్క.

“నువ్వు సప్పుడు చెయ్యకుండ నీ పని చూస్కో.” నవ్వుతూనే అన్నాడు. సుశాంత్ కూడా నవ్వాడు. నాబ్ తిరిగింది. డేవిడ్ యాక్సిలరేటర్ అదిమి తొక్కాడు.

సీటులోకి ఎవరో తోసినట్టయింది. టర్బో ఈల వేసింది. “అబ్బ!” అన్నాడు సుశాంత్. తెర మీద నిలకడగా ఉన్న అంకె కదిలింది. ఒక్కసారిగా పైకి ఎక్కడం మొదలుపెట్టింది. గాలి ఉరికొస్తోంది, పెట్రోలు అందడం లేదు.

“కాలు తియ్!” అంది. అతను వినలేదేమోనని ముందుకు వంగి భుజం మీద చరిచింది. “కాలు తియ్ అంటున్న! ఇంజన్ పోతది!”

డేవిడ్ అద్దంలోకి చూశాడు. కళ్లు కలిశాయి. విన్నాడు. ఒకసారి పక్కకు సుశాంత్ వైపు చూశాడు. కాలు తీయలేదు.

గులకరాళ్లు డబ్బాలో వేసి ఊపినట్టు చప్పుడైంది. తర్వాత ఒక దెబ్బ. బండి ఊపిరి వదిలేసినట్టు మెత్తబడిపోయింది. వెనక అద్దం నిండా నీలంగా పొగ.

రోడ్డు పక్కన ఆపారు. డేవిడ్ బానెట్ ఎత్తి వంగి చూస్తున్నాడు, చూసేందుకు ఏమీ లేకపోయినా. రెబెక్క ల్యాప్‌టాప్ మూసి, ఒక వేపచెట్టు నీడలో రాయి మీద కూర్చుంది. ఆమెకు ఆ ఇంజనును తలుచుకుంటే బాధగా ఉంది. తను చేరదీసి నెమ్మదిగా మాటలు నేర్పినదాన్ని కళ్లముందే గొంతు నొక్కినట్టుంది.

“ఏమైంది డేవిడ్?” అన్నాడు సుశాంత్.

డేవిడ్ నడుం ఎత్తి, తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. “మా ఆమె లెక్క తప్పు పెట్టినట్టున్నదన్నా ల్యాప్‌టాప్‌ల. నేను నమ్మిన. నాదే తప్పు.”

“వదిననా? వదిన చేసిందా?”

“ఆమెనే చేస్తదన్నా గీ కంప్యూటర్ పని. మొదటి సంది ఆమెనే.”

రెబెక్క విన్నది. చేలల్లోంచి గాలి వీస్తోంది. మొదటి సంది ఆమెనే. ఇన్నేళ్లలో ఆమె పని ఆమెదని డేవిడ్ పరాయివాళ్ల ముందు ఒప్పుకోవడం అదే మొదటిసారి. ఆ మాట కోసం ఆమె ఎప్పుడో ఎదురుచూసింది. అది వచ్చిన తీరు ఇది. కోపం వస్తుందేమోనని కూర్చుని చూసింది. రాలేదు. ఒళ్లంతా అలసట పరుచుకుంది, ఆ రాయి మీదే పడుకుని నిద్రపోవాలనిపించేంత అలసట. సుశాంత్ వైపు చూసింది. తన చెవులతోనే అతను విన్నాడు, కాలు తియ్యమని ఆమె అరవడం. అతను ఫోన్ తీసి, బండిని లాక్కుపోయే వాహనం కోసం ఎవరికో ఫోన్ చేస్తున్నాడు.

ఇంటికొచ్చేసరికి శాంతవ్వకు కబురు ముందే చేరింది. “మొగోళ్ల పనిల నీకెందుకే పిల్లా వేలు? వాడొక్కడు చేసుకుంటుండె గద ఇన్ని దినాలు,” అంది. కుక్కరులో పప్పు పెడుతున్న రెబెక్క మూత బిగించింది. అత్తను తిట్టుకోబుద్ధి కాలేదు. పాపం, ఆమెకు తెలిసింది ఆమె అంది. కొడుకు చేతిలో మాయ ఉందని ఊరంతా అంటుంటే వింటూ బతికింది. ఆ మాయ చేసే మనిషి రోజూ తన ఎదురుగానే కూర్చుంటే, ‘ఎప్పుడు జూడు ల్యాప్‌టాపే’ అని విసుక్కుంది. కుక్కరు కూత వేసింది. అమూల్య వచ్చి, “అమ్మా, నువ్వు ఇంజన్ ఖరాబ్ చేసినవంట, నిజమేనా?” అని అడిగింది. ఆ ప్రశ్న దగ్గర మాత్రం రెబెక్క చేయి ఆగిపోయింది. పిల్ల మొహంలో నింద లేదు, ఉట్టి కుతూహలమే. అయినా ఆ ఇంట్లో తన పని గురించి పిల్ల అడిగిన మొదటి ప్రశ్న అది.

“కాదు,” అంది. “నేను ఆపమన్న. మీ డాడీ ఆపలే.”

“మరి నాయనమ్మకు చెప్పలేదెందుకు?”

రెబెక్క కుక్కరు కింద మంట తగ్గించింది.

మూడో రోజు డేవిడ్ ఇంజను విప్పాడు. సాయంత్రం విరిగిన పిస్టన్ ముక్క జేబులో వేసుకొచ్చి వంటింటి గట్టు మీద పెట్టాడు. అంచు కరిగి, కొరికి వదిలేసినట్టుంది. లెక్క తప్పైతే అలా పోదని అతనికి తెలుసు. పనిమంతుడు.

“ఏదో అన్న ఆయన ముందట. మనసుల పెట్టుకోకు,” అన్నాడు. “గంత పెద్ద గిరాకి. నా మాట పోతది గద.”

“నా మాట పోతే?” అంది రెబెక్క.

డేవిడ్ నిజంగానే అర్థం కానట్టు చూశాడు. “నీ మాట ఎవరు అడిగిన్రు?”

తిట్టాలని అన్నది కాదు. అంత మామూలుగా, ఉప్పు సరిపోయిందా అన్నట్టు అన్నాడు. అందుకే అది సూటిగా లోపలికి దిగింది. నిజమే, ఎవరు అడిగారు? ఆమె మాట అందరికీ చేరింది, కానీ అతని గొంతులోంచి చేరింది. బండ్లు ఎగిరింది ఆమె మాటతోనే. ఆ మాటకొక మనిషి ఉందని అడిగినవాళ్లు లేరు. ఎందుకంటే తను ఎప్పుడూ గుమ్మం వెనక నిలబడి పెదవులతో అందించింది. పిస్టన్ ముక్కను తీసి కిటికీ గట్టు మీదికి జరిపి, ఆ చోట పిండి కలపడం మొదలుపెట్టింది.

వారం తిరక్కుండానే సుశాంత్ షెడ్డుకు వచ్చాడు. రెబెక్క క్యారేజీ తీసుకుని అప్పుడే వచ్చింది. అతన్ని చూసి పక్కకు తప్పుకోబోయింది.

“వదినా, జర ఆగు,” అన్నాడు సుశాంత్. డేవిడ్ ఇచ్చిన కుర్చీలో కూర్చోలేదు. “ఆ దినం నువ్వు అరిచినవ్. నేను విన్న. అయినా నేను డేవిడ్‌ను కాలు తియ్యమని అన్లే. నాకు మస్తు మజా అనిపిస్తుండె అప్పుడు. తర్వాత నీ మీద పెడ్తుంటే కూడా నోరు తెరువలే.” నేల వైపు చూసి మళ్లీ తలెత్తాడు. “ఇంజన్ కొత్తది వేపిస్త. ఈసారి ఏ ఈసీయూ వెయ్యాలె?”

“అన్నా, నేను ఒకసారి చూసి సాయంత్రం నీకు...” అంటూ డేవిడ్ అందుకున్నాడు.

“స్టాండలోన్,” అంది రెబెక్క.

తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. షెడ్డులో ఆ మాట అంత గట్టిగా ఎప్పుడూ అనలేదు. ఆగకుండా చెప్పింది. పాత కంప్యూటరు మొత్తం తీసేయాలని, పంపు పెద్దది పెట్టాలని, పెట్రోలు ఒత్తిడి చూసే సెన్సరు ఒకటి తప్పనిసరని. ఎవరి చెయ్యి ఎక్కడ తిరిగినా ఇంజను తనను తాను ఆపుకునేలా తను రాస్తానని. బండి పోటీకి ఈ ఏడు అందకపోవచ్చని కూడా చెప్పింది. సుశాంత్ వింటూ వింటూ మధ్యలో అలవాటుగా డేవిడ్ వైపు చూశాడు, ఔనా అన్నట్టు.

“ఆయన దిక్కు ఎందుకు చూస్తున్నవ్? చెప్తున్నది నేను గద,” అంది.

సుశాంత్ చటుక్కున ఆమె వైపు తిరిగాడు. “చెప్పు వదినా.”

“ఇంజన్ ఎవలతోనన్న బిగిపించుకో. బండి తాండూర్ల మీ షెడ్డులనే ఉండాలె. వైరింగు, ట్యూనింగు నేను చేస్త. నేనొక్కదాన్నే వస్త. నా పేరు మీద చేస్త.”

డేవిడ్ క్యారేజీ అందుకుని పక్కన పెట్టాడు. గిరాకి ముందు పెళ్లాంతో గొడవ పెట్టుకునే మనిషి కాడు. ఇంటికొచ్చాక అన్నాడు. ముందు గట్టిగా, తర్వాత మెల్లగా. నా షెడ్డు పరువేం కావాలన్నాడు. ఊరోళ్లు ఏమనుకుంటారన్నాడు. మనిద్దరం వేరా అన్నాడు. నీ పేరు కూడా బోర్డు మీద కింద చిన్నగా రాయిద్దామన్నాడు. ఆ మాటకు రెబెక్క మొదటిసారి అతని మొహంలోకి చూసింది. అతను చెడ్డవాడు కాడు. భయపడ్డాడు. ఆ భయం చూసి ఒకప్పుడైతే కరిగిపోయేది. ఇప్పుడు ఆ కరగడానికి కూడా ఓపిక మిగల్లేదు. అలసట మనిషిని లొంగదీస్తుందనే ఇన్నాళ్లూ అనుకుంది. ఒక హద్దు దాటాక అదే మనిషిని కదలకుండా నిలబెడుతుందని ఆమెకు ఇప్పుడే తెలిసింది.

“మరి షెడ్డుల ఉన్న బండ్లు? అవెవరు చేస్తరు?” అన్నాడు చివరికి.

“నువ్వే. అందరికి గట్లనే చెప్పినవ్ గద.”

కొత్త ఇంజను బిగించారని కబురొచ్చిన మర్నాడు పొద్దున, ల్యాప్‌టాప్, మీటరు, వైర్లు కత్తిరించే కటింగ్ ప్లేయరు బ్యాగులో సర్దుకుంది. అమూల్యకు టిఫిన్ బాక్సు కట్టలేదు. కట్టకుండా ఉండటానికి చేతులు వెనక్కి పెట్టుకోవాల్సి వచ్చింది. డేవిడ్ వంటింట్లో ఏదో డబ్బా కోసం వెతుకుతూ మూతలన్నీ తీస్తున్నాడు. ఏ డబ్బాలో ఏముందో చెప్పాలని నోటిదాకా వచ్చింది, చెప్పలేదు. శాంతవ్వ అరుగు మీద కూర్చుని ఉంది. తిడుతుందనుకుంది రెబెక్క. ఆమె కోడలి బ్యాగు వైపు, కాళ్ల చెప్పుల వైపు చూసి, “మాపటికి ఎన్నింటికొస్తవ్?” అంది. అంతే. ఆ ప్రశ్న ఆమె ఇంతవరకు కొడుకునే అడిగేది.

తాండూర్ బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. ఒళ్లో బ్యాగు పెట్టుకుని, తెర చూడాల్సిన పని లేకుండా, ఆ దారిని ఆమె చాలా రోజులకు చూసింది. సంతోషం అనలేం. నడుం నొప్పి అలాగే ఉంది. పిల్ల తిన్నదో లేదోనని మనసు గుంజుతూనే ఉంది. కొత్త వైరింగు తన చేతుల్లో సరిగ్గా కుదురుతుందో లేదోనన్న భయం కూడా ఉంది. ఈసారి తప్పైతే అది నిజంగా తనదే అవుతుంది. విచిత్రంగా ఆ భయం ఒక్కటే ఆమెకు బరువనిపించలేదు.

సుశాంత్ వాళ్ల యూనిట్‌లో రాయి కోసే మిషన్ల రొద. నీళ్లలో కలిసిన రాతిపొడి నేలంతా బూడిదరంగులో పరుచుకుని ఉంది. రేకుల షెడ్డులో కారు నిలబడి ఉంది. రెబెక్క చెప్పులు విడిచి, డ్రైవర్ సీటును వెనక్కి జరిపి, డాష్‌బోర్డు కిందికి తల దూర్చి పాత కంప్యూటరు బోల్టులు విప్పడం మొదలుపెట్టింది. కాసేపటికి బయట ఎవరిదో నీడ పడింది. సుశాంత్ తల్లి గోవిందమ్మ, చేతిలో నీళ్ల చెంబుతో.

“ఎవరు బిడ్డా నువ్వు? డేవిడ్ పెండ్లానివా?” అంది వంగి చూస్తూ. “నువ్వొక్కదానివే కూసున్నవేంది గీ ఇనుముల? మీ ఆయన ఎనుక వస్తుండా?”

రెబెక్క కిందినుంచి తల బయటకు తీసింది. నుదుటి మీద మసి అంటింది. గోవిందమ్మ అందించిన చెంబు అందుకుని నీళ్లు తాగింది.

“రాడమ్మా,” అంది. “ఆయనకు ఇంట్ల పనున్నది.”